పుట్టింటి కబురు, అత్తింటి కబురు... మధ్యలో రౌటరు!

పెళ్ళయ్యాక మీ బి.టెక్ పట్టా బీరువాలో పడి ఉందా? కానూరులో 1977లో సిద్ధార్థ ఇంజనీరింగు కాలేజీ మొదలైన దగ్గర్నుంచీ మన బెజవాడ చుట్టుపక్కల ఇంజనీర్లయిన అమ్మాయిలకు కొదవ లేదు. మళ్ళీ ఉద్యోగం వైపు చూస్తూ నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్లకు చదివేవారిని బెదరగొట్టే పాఠం ఒకటుంది. దాని పేరు ‘రూట్ రీడిస్ట్రిబ్యూషన్’. పేరు చూసి జడుసుకోకండి!

సమాచారం ఏ దారిన వెళ్ళాలో చూపే పెట్టెలే రౌటర్లు. దారుల కబుర్లు చెప్పుకోవడానికి వాటికి ఓఎస్‌పీఎఫ్, ఈఐజీఆర్‌పీ వంటి పద్ధతులున్నాయి. ఒకదాని మాట రెండోదానికి అర్థం కాదు. రెండు కంపెనీలు కలిసిపోయి, చెరొక పద్ధతీ వాడుతుంటే? రెండూ తెలిసిన రౌటరును మధ్యన పెట్టి, ఇటు దారులు అటు చెప్పిస్తారు. అదే రీడిస్ట్రిబ్యూషన్. 2015లో పట్టిసీమ నుంచి గోదావరి నీళ్ళు ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలిశాయి కదా, అలాగన్నమాట.

మొదటి చిక్కు కొలతలది. ఈఐజీఆర్‌పీ దారులను ఓఎస్‌పీఎఫ్‌లోకి తెస్తే, మనం లెక్క చెప్పకపోయినా అది 20 అని వేసుకుంటుంది. ఓఎస్‌పీఎఫ్ దారులను ఈఐజీఆర్‌పీలోకి తెచ్చేటప్పుడు మాత్రం మెట్రిక్ ఇవ్వకపోతే అవి గడప దాటి రావు. కొత్తవాళ్ళు తెల్లమొహం వేసేది ఇక్కడే.

అసలు ప్రమాదం మధ్యవర్తులు ఇద్దరైనప్పుడు. పుట్టింట్లో పుట్టిన మాటను పిన్ని అత్తింటికి మోసింది. అక్కడ విన్న అత్తయ్య దాన్నే కొత్త కబురులా తిరిగి పుట్టింటికి తెచ్చింది. ‘ఎవరన్నారు?’ అంటే వీళ్ళు వాళ్ళని, వాళ్ళు వీళ్ళని చూపిస్తారు. రౌటర్లలోనూ ఇంతే. సమాచారం గమ్యం చేరకుండా గుండ్రంగా తిరుగుతుంది. నమ్మకానికి కూడా అంకెలున్నాయి మరి: అంకె తగ్గేకొద్దీ నమ్మకం ఎక్కువ. ఓఎస్‌పీఎఫ్‌కు 110, బయటినుంచి ఈఐజీఆర్‌పీలోకి వచ్చిన దారికి 170. అందుకే ఒక్కోసారి తిరిగొచ్చిన మాటే అసలు మాటకన్నా నిజమనిపిస్తుంది!

మందు సులువే. మొదటి రౌటరు ‘ఇది ఫలానా వారి మాట’ అని ట్యాగు కట్టి పంపాలి. ఆ ట్యాగు కనిపిస్తే రెండో రౌటరు దాన్ని వెనక్కి మోయకూడదు.

ఇదంతా నేర్చుకోవడానికి ఖరీదైన పెట్టెలు కొననక్కర్లేదు. సిస్కో నెట్‌వర్కింగ్ అకాడమీలో పేరు నమోదు చేసుకుంటే ప్యాకెట్ ట్రేసర్ ఉచితం. ముందు మూడు రౌటర్లతో మొదలుపెట్టండి. అది కుదిరాక నాలుగోదాన్ని రెండో మధ్యవర్తిగా చేర్చండి. ఒక దారి తెంపేసి, ట్రేస్‌రూట్‌తో సమాచారం ఎటు పోతోందో చూడండి. అంతా సవ్యంగా నడిచినప్పటికన్నా చెడగొట్టి బాగుచేసినప్పుడే పాఠం మనసుకు పడుతుంది.

ఈ పాఠం సీసీఎన్‌పీ స్థాయిలో ‘ఎన్‌ఆర్సీ’ అనే 300-410 పరీక్షలో వస్తుంది. కాబట్టి ముందు సీసీఎన్‌ఏ పాఠాలు గట్టిచేసుకోండి. ఈ సర్టిఫికెట్ల గడువు మూడేళ్ళు. ఉద్యోగానికి ఎప్పుడు ప్రయత్నిస్తారో చూసుకుని పరీక్షకు కట్టండి.

‘ఇవి మగపిల్లల చదువులు’ అని ఎవరైనా అంటే ఒక పేరు చెప్పండి: రేడియా పెర్ల్‌మన్. నెట్‌వర్కుల్లో సమాచారం ఇలా గుండ్రంగా తిరక్కుండా ఆపే ‘స్పానింగ్ ట్రీ’ పద్ధతిని 1985లో రూపొందించింది ఆవిడే.