రెండు వేళ్లతో ఎత్తి చూస్తే తెలియనిది: రోడ్ సైకిల్‌కు కార్బన్ ఫ్రేమ్ ఎంపిక

సైకిల్ దుకాణంలో కార్బన్ ఫ్రేమ్ కనబడగానే చాలామంది చేసే పని ఒకటే. పై ట్యూబు కింద రెండు వేళ్లు పెట్టి పైకెత్తుతారు. "అబ్బ, ఎంత తేలికో!" అంటారు. తర్వాతి ప్రశ్న, "ఎన్ని గ్రాములు?" ఆ తర్వాత ధర. ఫ్రేమ్ ఒక్కటే లక్ష రూపాయలు దాటడం మామూలే అయినా, చాలాసార్లు బేరం ఈ మూడింటితోనే ముగిసిపోతుంది.

మన దగ్గర రోడ్ సైకిల్ తొక్కేవాళ్లు పెరుగుతున్నారు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సౌర ఫలకాల పైకప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ 2023లో ప్రారంభమైంది. అయితే వీళ్లలో ఎక్కువమంది పందెగాళ్లు కారు. వారం రోజులు వ్యాయామం, ఆదివారం వంద కిలోమీటర్ల ప్రయాణం, ఎప్పుడైనా ఒక ఘాట్ రోడ్డు... అన్నిటికీ ఒకే సైకిల్ కావాలి. అలాంటి సైకిల్‌కు ఫ్రేమ్ ఎంచుకునేటప్పుడు తూకం చెప్పే సంగతి చాలా తక్కువ. ఎందుకో హైస్కూలు భౌతికశాస్త్రంతోనే తెలుసుకోవచ్చు.

300 గ్రాముల విలువ ఎంత?

రెండు ఫ్రేముల మధ్య 300 గ్రాముల తేడా ఉందనుకుందాం. ధరలో అది వేల రూపాయల తేడా. ఈ 300 గ్రాములను 500 మీటర్ల ఎత్తుకు మోయడానికి కావలసిన శక్తి ఎంత? ద్రవ్యరాశి, గురుత్వ త్వరణం, ఎత్తు... మూడింటినీ గుణిస్తే 0.3 × 9.8 × 500, అంటే 1470 జౌళ్లు. తొక్కే మనిషి నిలకడగా 200 వాట్ల సామర్థ్యం చూపిస్తే దీనికి పట్టే సమయం 7 సెకన్ల పైచిలుకు.

మనిషి, సైకిల్, నీళ్ల సీసాలు కలిపి 80 కిలోలు అనుకుంటే, అదే ఎత్తు ఎక్కడానికి గాలి నిరోధాన్ని వదిలేసినా దాదాపు 33 నిమిషాలు పడుతుంది. అంటే 33 నిమిషాల్లో 7 సెకన్లు. పందెంలో ఇది గెలుపోటముల తేడా కావచ్చు. మనకు మాత్రం అది దారిలో ఒక గుక్క నీళ్లు తాగేంత సమయం. చదును రోడ్డు మీద ఈ తేడా ఇంకా తగ్గిపోతుంది. అక్కడ వేగం పెరిగేకొద్దీ అసలు పోరాటం గాలితో. గాలిని అడ్డుకునేది కూడా ఫ్రేమ్‌కన్నా మన ఒళ్లే ఎక్కువ.

పందేలలోనూ తేలికకు ఒక హద్దు ఉంది. అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య నిబంధన ప్రకారం పందెం సైకిల్ మొత్తం బరువు 6.8 కిలోలకు తగ్గకూడదు.

లోహాలది ఒక దారి, కార్బన్‌ది ఇంకో దారి

మరి కార్బన్ గొప్పతనం ఏమిటి? ఒక పదార్థం వంగకుండా ఎంత నిలుస్తుందో చెప్పే కొలత యంగ్ గుణకం. దాన్ని సాంద్రతతో భాగిస్తే, బరువుకు తగ్గ దృఢత్వం తెలుస్తుంది. ఉక్కుకు యంగ్ గుణకం సుమారు 200 గిగాపాస్కల్స్, సాంద్రత 7.8. భాగిస్తే దాదాపు 26. అల్యూమినియానికి 70, 2.7. మళ్లీ 26. టైటానియానికి 110, 4.5. దాదాపు 24. ఈ లెక్కలో మూడు లోహాలూ దాదాపు సమానమే!

ఇప్పుడు కార్బన్ చూద్దాం. ఇందులో ఒక్కో పోగు మందం 5 నుంచి 7 మైక్రాన్లు. తల వెంట్రుకలో పదో వంతు. ఈ పోగులను ఒకే దిశలో పేర్చి, ఎపాక్సీ రెసిన్‌తో అంటించి పొరగా చేస్తారు. పోగుల వెంట లాగితే ఈ పొర యంగ్ గుణకం సుమారు 135. సాంద్రత 1.6. భాగిస్తే 84 వస్తుంది. లోహాలకు మూడు రెట్లు. కానీ అదే పొరను అడ్డంగా లాగితే గుణకం 10 కూడా ఉండదు. అక్కడ భారం మోసేది పోగులు కాదు, వాటి మధ్య ఉన్న జిగురు.

వెదురు బొంగు గుర్తు తెచ్చుకోండి. నిలువునా ఎంత భారమైనా మోస్తుంది. కత్తి అంచు పెట్టి ఒక్క దెబ్బ వేస్తే నిలువునా చీలుతుంది. కార్బన్ పొర స్వభావం కూడా అంతే. అందుకే పొరలను వేర్వేరు కోణాల్లో ఒకదానిమీద ఒకటి పేరుస్తారు. అన్ని దిశలకూ సమానంగా పేరిస్తే గుణకం 50 చుట్టూ తేలుతుంది. అప్పుడు కార్బన్ అల్యూమినియంకన్నా కొద్దిగా మాత్రమే మెరుగు. అంటే ఏ ట్యూబులో ఏ దిశలో భారం పడుతుందో లెక్కగట్టి, పోగులను ఆ దిశలో పెట్టగలిగితేనే కార్బన్‌కు అసలు లాభం. పెడళ్ల ఇరుసు దగ్గర మెలిపెట్టే బలాన్ని తట్టుకోవాలి. సీటు కింద నిలువు భారం మోయాలి. హ్యాండిల్ మెడ దగ్గర బ్రేకు వేసినప్పుడు వచ్చే కుదుపును ఆపుకోవాలి. ఒక ఫ్రేమ్‌లో వందలాది చిన్న ముక్కలను చేత్తో, ఒక్కో కోణంలో అచ్చులో పేరుస్తారు. నాణ్యత అక్కడ తేలుతుంది. పైన రంగు వేశాక అది కంటికి కనబడదు.

పోగు పేరు చూసి మోసపోవద్దు

ప్రకటనల్లో టీ700, టీ1000 వంటి పేర్లు కనిపిస్తాయి. ఇవి జపాన్‌కు చెందిన టోరే సంస్థ తయారుచేసే పోగుల రకాలు. టీ700 పోగు యంగ్ గుణకం 230 గిగాపాస్కల్స్, టీ1000ది 294. ఎమ్40జే అనే రకానిది ఏకంగా 377. అయితే టీ700 తెగేముందు సుమారు 2.1 శాతం సాగుతుంది. ఎమ్40జే 1.2 శాతం సాగగానే తెగిపోతుంది. అంటే దృఢత్వం పెరిగినచోట దెబ్బను ఓర్చుకునే గుణం తగ్గవచ్చు. మంచి ఫ్రేమ్‌లో అవసరాన్ని బట్టి రకరకాల పోగులు కలిపి వాడతారు. పెద్ద అంకె ఉన్న పోగు వాడారని చెప్పడం, ఖరీదైన బియ్యంతో వండారు కాబట్టి బిర్యానీ బాగుంటుందని చెప్పడం లాంటిదే.

గతుకును మింగేది ఎవరు?

"ఈ ఫ్రేమ్ మెత్తగా నడుస్తుంది" అనే మాట కూడా తరచుగా వినిపిస్తుంది. టైరు, ఫ్రేమ్, సీటు పోస్ట్, సీటు... వీటిని ఒకదాని వెంట ఒకటి కలిపిన స్ప్రింగులుగా ఊహించుకోండి. అలాంటి అమరికలో అన్నిటిమీదా ఒకే బలం పడుతుంది. అన్నిటికన్నా మెత్తనిదే ఎక్కువ కుంగుతుంది. త్రిభుజాలతో కట్టిన ఫ్రేమ్ నిలువు దిశలో చాలా గట్టిది. గతుకును ఎక్కువగా మింగేది గాలి నింపిన టైరే.

కాబట్టి స్పీడ్ బ్రేకర్లూ గుంతలూ ఉన్న మన రోడ్లకు అడగాల్సిన ప్రశ్న: "ఇందులో ఎంత వెడల్పు టైరు పడుతుంది?" కనీసం 32 మిల్లీమీటర్ల టైరు పట్టి, పక్కల ఇంకా కాస్త ఖాళీ మిగిలితే మంచిది. వెడల్పు టైరులో తక్కువ గాలితో నడపవచ్చు. ఒంటికీ హాయి, రిమ్ముకూ రక్షణ. వానాకాలంలో బురద ఇరుక్కోదు.

కనిపించని పగులు

అన్నిటికన్నా ముఖ్యమైనది భద్రత. లోహపు ట్యూబుకు దెబ్బ తగిలితే సొట్ట పడుతుంది లేదా వంగుతుంది. కంటికి తెలుస్తుంది. కార్బన్ అలా కాదు. పై రంగు చెక్కుచెదరకపోయినా లోపలి పొరలు ఒకదాన్నుంచి ఒకటి విడిపోయి ఉండవచ్చు. తర్వాత ఎప్పుడో, పల్లంలో 50 కిలోమీటర్ల వేగంతో దిగుతుండగా అది హఠాత్తుగా విరగవచ్చు.

విమాన రంగానికి ఈ సమస్య కొత్త కాదు. మన తేజస్ యుద్ధవిమానం నిర్మాణంలో బరువు ప్రకారం దాదాపు 45 శాతం కార్బన్ మిశ్రమ పదార్థాలే. విమాన భాగాల్లో ఇలాంటి లోపాలను అల్ట్రాసౌండ్ వంటి పరీక్షలతో వెతుకుతారు. సైకిల్ కొనేవారికి ఆ సదుపాయం అంత తేలిగ్గా దొరకదు. పాత కార్బన్ ఫ్రేమ్ కొనేటప్పుడు ప్రమాదం ఇక్కడే ఉంది. "ఒక్కసారే పడింది, గీత కూడా పడలేదు" అన్న మాట ఏ హామీ కాదు.

కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూస్తాం కదా, ఇక్కడా అదే పద్ధతి కొంత పనికొస్తుంది. నాణెంతో ట్యూబు వెంట మెల్లగా తడుతూ పోవాలి. ఖంగుమని వినిపించే శబ్దం ఒకచోట డొల్లగా, మొద్దుగా మారితే అనుమానించాలి. ట్యూబు మందం మారినా శబ్దం మారుతుంది కాబట్టి ఎడమవైపును కుడివైపు అదే చోటుతో పోల్చాలి. ముందు ఫోర్క్‌ను బయటికి తీసి, దాని మెడను తప్పక చూడాలి. అది విరిగితే హ్యాండిల్ చేతికొచ్చేస్తుంది. నాణెం పరీక్షలో ఏమీ తేలకపోయినా ఫ్రేమ్ బాగున్నట్టు రుజువు కాదు. పడిన చరిత్ర ఉన్న ఫ్రేమ్‌ను నిపుణులకు చూపించకుండా కొనవద్దు.

కొత్త ఫ్రేమ్ విషయంలో ఐఎస్‌ఓ 4210 ప్రమాణం ప్రకారం పరీక్షించారా అని అడగండి. ఇందులో పెడళ్ల మీద పడే బలాన్ని లక్షసార్లు మోపి చూస్తారు. 22.5 కిలోల బరువును పడేసి దెబ్బ పరీక్ష చేస్తారు. తయారీదారు పేరే తెలియని చౌక ఫ్రేమ్‌లో మనకు అందనిది ఈ పరీక్షల భరోసాయే.

ఏది ముందు, ఏది తర్వాత?

మొదట కొలత చూడండి. పెడళ్ల ఇరుసు నుంచి ఫ్రేమ్ మెడ పైభాగం ఎంత ఎత్తులో ఉందో "స్టాక్", ఎంత ముందుకు ఉందో "రీచ్" చెబుతాయి. రెండు ఫ్రేముల మీదా 54 అనే సైజు ఉన్నా స్టాక్‌లో రెండు, మూడు సెంటీమీటర్ల తేడా ఉండవచ్చు. ఆ తేడా నాలుగో గంటలో నడుముకు తెలుస్తుంది. రెండోది టైరు వెడల్పు. మూడోది పరీక్షలు, వారంటీ, మనదేశంలో విడిభాగాలు దొరకడం. వెనక గేరును పట్టి ఉంచే చిన్న హ్యాంగర్ విరిగి, అది దొరక్క నెలల తరబడి సైకిల్ మూలన పడితే తేలికదనం ఎందుకు? బరువు వీటన్నిటి తర్వాత.

కొన్నాక ఖర్చు పెట్టాల్సిన మొదటి పనిముట్టు టార్క్ రెంచ్. సీటు పోస్ట్ బిగింపుకు చాలా ఫ్రేముల మీద 5 న్యూటన్ మీటర్ల చుట్టూ హద్దు రాసి ఉంటుంది. చేతివాటంగా బిగిస్తే పలుచని కార్బన్ గోడ నలుగుతుంది. అల్యూమినియం భాగాలు కార్బన్‌ను తాకేచోట ఉప్పు చెమట చేరితే చిన్న బ్యాటరీలా పనిచేసి అల్యూమినియాన్ని తినేస్తుంది. సముద్ర తీరంలో ఉండేవారు నెలకోసారైనా ఆ భాగాలు విప్పి తుడుచుకోవాలి. గట్టిగా పడిన రోజున మాత్రం మళ్లీ ఎక్కి ఇంటికి తొక్కకండి. ఆటోలో వేసుకురండి. ఫ్రేమ్‌ను పరీక్షించాకే మళ్లీ రోడ్డెక్కండి.