మెతుకును బట్టి అన్నము: సరళ సమూహములను గుర్తించుట

అన్నము ఉడికినదో లేదో తెలియుటకు ఒక్క మెతుకు పట్టి చూచిన చాలునని మన ఇండ్లలో అందరెరిగినదే. గణితశాస్త్రమునందును ఒక చిన్న భాగమును పరీక్షించి మొత్తమెట్టిదో నిర్ణయించు పద్ధతి యొకటి కలదు. దానిని గూర్చి యిచ్చట ముచ్చటింతము.

పన్నెండు సమాన పంచభుజములతో మూసిన ఘనరూపము నొకదానిని ఊహింతము. దానిని త్రిప్పి, మరల అదే చోట అదే రూపమున ఇమిడ్చగల విధములు, కదల్పక యుంచుటతో కలిపి, సరిగా 60. వానిలో ఏ రెంటిని వరుసగా చేసినను ఫలితము ఆ అరువదిలో నొకటియే యగును. ఇట్టి కూటమి సమూహము. అందులో ఇదే నియమమును పాటించు చిన్న కూటమి ఉపసమూహము. సంఖ్యలలో ప్రధాన సంఖ్యలెట్టివో, పరిమిత సమూహములలో సరళ సమూహములట్టివి. వానిలో ఉపసమూహములున్నను, వానిచే ఆ సమూహమును భాగించి చిన్నవిగా విడదీయుటకు వీలుండదు. మన అరువది మూలకముల సమూహము అట్టిదే.

1954లో ఆమ్‌స్టర్‌డామ్ గణిత మహాసభలో రిచర్డ్ బ్రావర్ ఒక మార్గము చూపిరి. అర్ధభ్రమణము వలె, రెండు మారులు చేసినంతనే మొదటి స్థితికి తెచ్చు చర్య నొకదానిని తీసికొందము. దానికి ముందు చేసినను, వెనుక చేసినను ఒకే ఫలితమిచ్చు చర్యలన్నియు కలిసి ఒక ఉపసమూహమగును. అదియే మన మెతుకు. మన ఘనరూపమున దానికి నాలుగే మూలకములు. అట్టి గుర్తు గల సరళ సమూహము వేరొకటి లేదు. కొన్నియెడల ఒకే గుర్తు రెంటికి కలదు: 168, 360 మూలకముల సమూహములట్టివి. ఏమైనను, ఒక గుర్తు గల సరళ సమూహముల సంఖ్య పరిమితమే. ప్రధాన సంఖ్యల పరిమాణము గల సులభమైన వానిని విడిచినచో, ప్రతి సరళ సమూహమునందును ఇట్టి చర్య తప్పక యుండునని 1963లో ఫైట్, థామ్సన్ 255 పుటలలో నిరూపించిరి.

1965లో ఆస్ట్రేలియాలో పనిచేయుచుండిన జ్వోనిమిర్ యాంకో 120 మూలకముల గుర్తు నొకదానిని పరిశీలించిరి. మన అరువది మూలకముల సమూహమునకు రెండు మూలకముల సమూహమును జతచేయగా వచ్చునదే యది. ఎరిగిన ఏ సరళ సమూహమునకును ఆ గుర్తు లేదు. అది అసంభవము కావలెను, లేదా కొత్త సమూహమొకటి యుండవలెను. ఆ గుర్తునుండియే గణించగా పరిమాణము 1,75,560 అని తేలెను. పిమ్మట, 11తో భాగింపగా మిగులు శేషములతో కూర్చిన ఏడు వరుసల మాత్రికలుగా ఆ సమూహమును నిర్మించి చూపిరి. 1861, 1873 సంవత్సరములలో మాత్యూ ఐదింటిని కనుగొన్న పిమ్మట, ఏ కుటుంబమునకును చెందని సరళ సమూహము దొరకుట అదియే మొదలు.

అట్టివి మొత్తము 26. 1983 ప్రాంతమున జాబితా ముగిసినదని ప్రకటించినను, ఒక భాగమునకు నిరూపణ కొరవడెను. 2004లో ఆష్‌బాకర్, స్మిత్ వెయ్యికి పైగా పుటలలో దానిని పూరించిరి. అంతవరకు, యాంకో సమూహము వలె మరియొకటి ఎచ్చటనైన దాగియున్నదేమో యను శంకకు తావుండెను.