పాస్కల్ లేని పీడనం

కంప్యూటర్‌లో ధ్వని తరంగాన్ని నడిపే ప్రోగ్రాముకు అందేవి వట్టి అంకెలు. నీటిలో ధ్వని వేగం 1500, సాంద్రత 1000 అని ఇస్తాం. అవి సెకనుకు మీటర్లనీ, ఘనపు మీటరుకు కిలోగ్రాములనీ దానికి తెలియదు. వేగం ప్రమాణం తప్పితే ఆ పొరపాటు త్వరగానే బయటపడుతుంది, తరంగం చేరాల్సిన వేళకు చేరదు కాబట్టి. అసలు చిక్కు ధ్వని జనకం దగ్గర వస్తుంది. అక్కడ 1 అని రాస్తే అది దేనిలో ఒకటి? పీడనమైతే పాస్కల్. కంపించే ఉపరితలం వేగమైతే సెకనుకు మీటరు. ద్రవ్యరాశిని చేర్చే జనకమైతే ప్రతి ఘనపు మీటరులో సెకనుకు కిలోగ్రాము. ఈ మూడోదాన్ని జాగ్రత్తగా చూడాలి. బిందువులాంటి జనకానికి లెక్కల వలలో ఒక గడి మొత్తం ఇస్తాం. ఫలితం మరింత నిక్కచ్చిగా రావాలని గడి భుజాన్ని సగం చేస్తే దాని ఘనపరిమాణం ఎనిమిదో వంతవుతుంది. అంకె మార్చకపోతే దూరాన కొలిచే పీడనమూ ఎనిమిదో వంతుకు పడిపోతుంది. జనకం మారలేదు, నీరు మారలేదు; మారింది మన వల మాత్రమే. సెకనుకు ఎన్ని కిలోగ్రాములో ముందు తేల్చుకుని, గడి ఘనపరిమాణంతో భాగించి ఇస్తేనే వలతో పనిలేని ఫలితం వస్తుంది.

తరంగ సమీకరణం రేఖీయమే కదా, జనకాన్ని రెట్టింపు చేస్తే ఫలితమూ రెట్టింపవుతుంది, మనకు కావలసింది ఆకారమే అని కొందరు వాదిస్తారు. ప్రతిధ్వని ఎప్పుడొస్తుంది, తరంగం ఎక్కడ గుమిగూడుతుంది అన్న ప్రశ్నల వరకు ఆ మాట నిజం. శరీరంలోకి పంపే అల్ట్రాసౌండ్‌కు అది చాలదు. తీవ్రత పీడనం వర్గాన్ని బట్టి ఉంటుంది: నీటిలో శిఖర పీడనం 1 మెగాపాస్కల్ అయితే చదరపు సెంటీమీటరుకు సుమారు 33 వాట్లు. పీడనంలో పదిరెట్ల పొరపాటు తీవ్రతలో వందరెట్లవుతుంది, కణజాలంలో వేడి కూడా దానితోపాటే పెరుగుతుంది.

పైగా పెద్ద పీడనాల దగ్గర ఆకారం కూడా పాస్కల్ మీదే ఆధారపడుతుంది. తరంగంలో నొక్కుకున్న భాగం సడలిన భాగం కన్నా వేగంగా సాగుతుంది. నీటిలో 1 మెగాహెర్ట్జ్, 1 మెగాపాస్కల్ సమతల తరంగం సుమారు 15 సెంటీమీటర్లు వెళ్లేసరికి దాని అంచు నిట్టనిలువుగా మారుతుంది. అదే 1 కిలోపాస్కల్ తరంగానికి లెక్క ప్రకారం 150 మీటర్లు పట్టాలి. అంతలోపే చాలావరకు నీటిలో ఇంకిపోతుంది.

చివర్లో నీటిలో ధ్వనిని పట్టే హైడ్రోఫోన్‌తో ఒకచోట కొలిచి అంకెలన్నిటినీ దానికి సరిపెట్టుకోవచ్చు కదా అన్నది రెండో అభ్యంతరం. రేఖీయ లెక్కకు అది మంచి పద్ధతే. పెద్ద పీడనాల అరేఖీయ లెక్కకు మాత్రం ఆ కొలత ముందే కావాలి: జనకాన్ని తక్కువ శక్తితో నడిపి, దాని ఎదుటి తలం మీద పీడనాన్ని కొలిచి, అసలు పనిలో వాడే శక్తికి తగ్గట్టు పెంచి, పాస్కల్‌లలోనే ఇన్‌పుట్‌గా ఇవ్వాలి.