మహిళల క్యాన్సర్లపై పరిశోధన: కార్పొరేట్ నిధులు – నిబంధనలు, బాధ్యతలు

దుబ్బాక: సిద్దిపేట జిల్లాలోని దుబ్బాక ప్రాంతం చేనేతకు పేరెన్నికగన్నది. మగ్గం పనితో పాటు బీడీలు చుట్టడం ఇక్కడి అనేక మంది మహిళలకు జీవనాధారం. చుట్టిన బీడీల లెక్కను బట్టి కూలి లభించే ఈ పనిలో ఒక పూట ఆసుపత్రికి వెళ్లినా ఆ మేరకు ఆదాయం కోల్పోవలసి వస్తుంది. క్యాన్సర్‌కు ప్రభుత్వ రంగంలో ప్రత్యేక వైద్యం అందించే హైదరాబాదులోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి ఇక్కడికి సుమారు వంద కిలోమీటర్ల దూరంలో ఉంది. ఇటువంటి ప్రాంతాల మహిళలకు తక్కువ ఖర్చుతో, ఊరిలోనే జరిపేందుకు వీలైన పరీక్షలు రూపొందవలసిన ఆవశ్యకత ఎంతైనా ఉంది. ఆ పరీక్షలకు పరిశోధన, పరిశోధనకు నిధులు అవసరం.

అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2022వ సంవత్సర అంచనాల ప్రకారం మన దేశంలో ఆ ఏడాది సుమారు 1 లక్షా 92 వేల మంది మహిళలు రొమ్ము క్యాన్సర్‌కు, 1 లక్షా 27 వేల మందికి పైగా గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు గురయ్యారు. ఈ రెండు వ్యాధుల వలన సంభవించిన మరణాలు 1 లక్షా 75 వేలు దాటాయి. కాగా, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 30 నుండి 49 ఏళ్ల మహిళలలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్షను ఎన్నడైనా చేయించుకున్నవారు దేశవ్యాప్తంగా నూటికి ఇద్దరు కూడా లేకపోవడం గమనార్హం.

మహిళా శాస్త్రవేత్తల కృషి

ఈ రంగంలో మహిళల సేవలు నేటివి కావు. డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి కృషి ఫలితంగా 1954లో మద్రాసులోని అడయారులో క్యాన్సర్ సంస్థ వెలసింది. దానిని దశాబ్దాల పాటు నడిపించిన డాక్టర్ వి.శాంతకు 2005లో రామన్ మెగసెసె పురస్కారం లభించింది. రొమ్ము క్యాన్సర్‌కు, వంశపారంపర్యానికి గల సంబంధాన్ని పరిశీలించిన డాక్టర్ కమల్ రణదివే 1973లో భారతీయ మహిళా శాస్త్రవేత్తల సంఘం స్థాపనలో ప్రముఖ పాత్ర వహించారు.

వివాహం, సంతానం, కుటుంబ బాధ్యతల కారణంగా పరిశోధనకు మధ్యలో దూరమైన మహిళలను తిరిగి ప్రయోగశాలకు రప్పించేందుకు కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ 2002-03లో మహిళా శాస్త్రవేత్తల పథకాన్ని, బయోటెక్నాలజీ శాఖ 2011లో బయోకేర్ పథకాన్ని ప్రారంభించాయి.

ప్రైవేటు పెట్టుబడి సైతం కొందరు మహిళా శాస్త్రవేత్తలకు తోడ్పడింది. బెంగళూరులో డాక్టర్ మంజిరి బక్రే 2011లో స్థాపించిన ఆంకోస్టెమ్ సంస్థ, ప్రారంభ దశ రొమ్ము క్యాన్సర్ రోగులలో వ్యాధి తిరగబెట్టే అవకాశాన్ని అంచనా వేసే పరీక్షను రూపొందించింది. కీమోథెరపీ అవసరం లేని వారిని గుర్తించడానికి ఇది ఉపకరిస్తుంది. అదే నగరంలో డాక్టర్ గీతా మంజునాథ్ 2016లో స్థాపించిన నిరామయ్ సంస్థ, శరీరాన్ని తాకకుండానే ఉష్ణోగ్రతలోని తేడాలను కృత్రిమ మేధతో విశ్లేషించి రొమ్ము క్యాన్సర్ లక్షణాలను పసిగట్టే విధానాన్ని అభివృద్ధి చేసింది. ఈ రెండు సంస్థలకూ నిధులు వెంచర్ పెట్టుబడుల రూపంలో లభించాయి. లాభాపేక్షతో కూడిన పెట్టుబడి వేరు, చట్ట ప్రకారం వెచ్చించవలసిన సామాజిక బాధ్యత నిధి వేరు. ఈ రెండింటినీ ఒకటిగా భావించరాదు.

చట్టం ఏమి చెబుతోంది?

కంపెనీల చట్టం-2013లోని 135వ సెక్షన్ 2014 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చింది. 500 కోట్ల రూపాయల నికర విలువ, 1000 కోట్ల టర్నోవరు, 5 కోట్ల నికర లాభం – వీటిలో ఏ ఒక్కటి ఉన్న కంపెనీ అయినా గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతాన్ని సామాజిక బాధ్యత కార్యక్రమాలకు వినియోగించాలి. ఆరోగ్య పరిరక్షణ, స్త్రీ పురుష సమానత్వం చట్టంలోని 7వ షెడ్యూలులో మొదటి నుండి ఉన్నాయి. 2019 అక్టోబరులో జరిగిన సవరణతో ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు, ఐ.ఐ.టి.లు, జాతీయ ప్రయోగశాలలలో జరిగే శాస్త్ర, వైద్య పరిశోధనలకు సైతం ఈ నిధులు ఇచ్చే వెసులుబాటు కలిగింది.

అయితే కంపెనీ తన సాధారణ వ్యాపారంలో భాగంగా చేసే పనిని ఈ ఖాతాలో చూపరాదు. తన ఉత్పత్తుల ప్రచారం కోసం ఇచ్చే స్పాన్సర్‌షిప్ కూడా ఈ కోవలోకి రాదని 2021లో సవరించిన నిబంధనలు స్పష్టం చేస్తున్నాయి. మహిళా శాస్త్రవేత్తలకు చట్టంలో ప్రత్యేక వాటా ఏదీ లేదు. నిధి ఎవరికి చేరాలన్నది కంపెనీ బోర్డు నిర్ణయంపైనే ఆధారపడి ఉంటుంది.

ఖమ్మం నేర్పిన పాఠం

నిధులు, శాస్త్రం, సదుద్దేశం ఉన్నంత మాత్రాన సరిపోదని తెలుగు నేలపై జరిగిన ఒక సంఘటన తెలియజేస్తుంది. 2009లో నాటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో 10 నుండి 14 ఏళ్ల బాలికలు సుమారు 14 వేల మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నిరోధక టీకా ఇచ్చే ప్రదర్శన పథకం చేపట్టడం జరిగింది. పాత్ అనే అంతర్జాతీయ సంస్థ దీనిని నిర్వహించగా, గేట్స్ ఫౌండేషన్ నిధులు, మెర్క్ కంపెనీ టీకాలు సమకూర్చాయి. కొందరు బాలికల మరణాలపై ఆందోళన వ్యక్తం కావడంతో 2010 ఏప్రిల్‌లో పథకం నిలిచిపోయింది. మరణాలకు టీకా కారణం కాకపోవచ్చునని విచారణ సంఘం తేల్చినప్పటికీ, అంగీకార పత్రాల విషయంలో తీవ్ర లోపాలు వెలుగు చూశాయి. తల్లిదండ్రులకు బదులు వసతి గృహాల వార్డెన్లు సంతకం చేసిన పత్రాలే రెండు వేలకు పైగా ఉన్నాయి. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఈ వ్యవహారాన్ని తీవ్రంగా ఆక్షేపించింది. ప్రాణాలు కాపాడగల టీకాపై ప్రజలలో ఏర్పడిన సందేహం తొలగడానికి ఏళ్లు పట్టింది.

పరిశీలించవలసిన అంశాలు

కార్పొరేట్ సాయంతో ఏదైనా పరిశోధన జిల్లాకు వచ్చినపుడు అధికారులు, పాత్రికేయులు కింది విషయాలు తెలుసుకోవడం సముచితం.

1. నిధి సామాజిక బాధ్యత ఖాతాలోనిదా, పెట్టుబడియా? దాత కంపెనీ ఉత్పత్తికి, పరిశోధనాంశానికి సంబంధం ఉన్నదా?

2. నైతిక విలువల కమిటీ ఆమోదం లభించిందా? క్లినికల్ ప్రయోగమైతే జాతీయ రిజిస్ట్రీలో నమోదయిందా?

3. అంగీకార పత్రం తెలుగులో ఉన్నదా? చదువురాని వారికి సాక్షి సమక్షంలో చదివి వినిపించారా? మైనర్ల విషయంలో తల్లిదండ్రుల అనుమతి తీసుకున్నారా?

4. పరీక్షలో వ్యాధి బయటపడిన మహిళకు తదుపరి చికిత్స ఎక్కడ, ఎవరి ఖర్చుతో జరుగుతుంది?

5. పరిశోధనకు సారథ్యం వహించే శాస్త్రవేత్తకు ఫలితాలు అనుకూలమైనా, ప్రతికూలమైనా ప్రచురించే స్వేచ్ఛ ఉన్నదా?

వీటిలో నాలుగవ ప్రశ్న అతి ముఖ్యమైనది. చికిత్సకు దారి చూపని పరీక్ష పేద మహిళకు భయాన్ని మాత్రమే మిగుల్చుతుంది. కనుక పరిశోధన ప్రతిపాదన దశలోనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నుండి క్యాన్సర్ ఆసుపత్రి వరకు రోగి వెళ్లవలసిన మార్గాన్ని, అందుకయ్యే రవాణా వ్యయాన్ని, ఆమె కోల్పోయే కూలిని సైతం లెక్కలోకి తీసుకోవాలి.

శాస్త్రవేత్తకు నిధులు ఎంత అవసరమో, పరిశోధనలో పాల్గొనే మహిళకు గౌరవం అంతే అవసరం. దుబ్బాక బీడీ కార్మికురాలు తనకు చేసే పరీక్ష ఏమిటో, ఎందుకో తెలుసుకుని, ఇష్టపూర్వకంగా ముందుకు వచ్చి, వ్యాధి ఉన్నట్లు తేలితే సకాలంలో వైద్యం పొందగలిగిన నాడే ఈ నిధుల లక్ష్యం నెరవేరినట్లు భావించాలి.