నీరు పట్టిందిలే... అని వదిలేయకండి!

"అమ్మాయి మొహం ఎంత నిండుగా ఉందో! కడుపుతో ఉన్న కళ వచ్చేసింది."

సీమంతం చేసుకుని పుట్టింటికొచ్చిన కూతుర్ని చూసి తల్లి మురిసిపోతూ అనే మాట ఇది. తొలిచూలైతే మరీనూ. ఆ నిండుదనంలో కొంత కళా ఉండొచ్చు, కాదనం. కానీ వేలి ఉంగరం బిగిసిపోయి, పొద్దున లేచేసరికి కళ్ళు ఉబ్బి, మొహం బరువెక్కినట్టుంటే మాత్రం వెంటనే బి.పి. చూపించుకోవాల్సిందే.

నెలలు నిండేకొద్దీ సాయంత్రానికి పాదాలు వాయడం చాలామందికి మామూలే. కాళ్ళు కాస్త ఎత్తున పెట్టుకుని పడుకుంటే తెల్లారేసరికి తగ్గుతుంది. చిక్కేమిటంటే, ప్రమాదకరమైన వాపు కూడా మొదట్లో ఇలాగే కనిపిస్తుంది. దానికి తోడు తలనొప్పి వదలకపోయినా, కళ్ళముందు మెరుపులో మసకో కమ్మినా, కుడి పక్కటెముకల కింద నొప్పి వచ్చినా డాక్టర్లు ప్రీ ఎక్లాంప్సియాను అనుమానిస్తారు. 20 వారాలు దాటాక బి.పి. 140/90కి చేరడం, మూత్రంలో ప్రోటీన్ పోవడం దీని గుర్తులు. ముదిరితే ఫిట్స్ వస్తాయి. మన పెద్దవాళ్ళు గుర్రపువాతం అనేది దీన్నే. తల్లికీ బిడ్డకీ కూడా ప్రాణం మీదికొస్తుంది.

ఈ జబ్బు మొదటి కాన్పులోనే ఎక్కువ. మన ఆచారం ప్రకారం పుట్టింటికి వెళ్ళేదీ మొదటి కాన్పుకే! అంటే, బి.పి. మీద కన్నేసి ఉంచాల్సిన ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో ఊరు మారుతుంది, డాక్టరూ మారతారు. సీమంతం చీరలూ, గాజులూ మర్చిపోకుండా సర్దుకుంటాం. పరీక్షల కాగితాలు మాత్రం అత్తగారింటి బీరువాలో ఉండిపోతాయి. 130/85 చూస్తే కొత్త డాక్టరుకి పెద్ద తేడాగా అనిపించకపోవచ్చు. మూడో నెలలో 100/60 ఉండేదని చెప్పే కాగితం చేతిలో ఉంటే, "మళ్ళీ రెండ్రోజుల్లో రామ్మా" అంటారు.

ఇక తలనొప్పి. దానికి మన ఇళ్ళల్లో దొరికినన్ని కారణాలు ఇంకే నొప్పికీ దొరకవేమో! ఎండలో తిరిగింది, నిద్ర చాల్లేదు, దిష్టి తగిలింది... దిష్టి తీస్తే తీయండి, తప్పేం లేదు. ఆటోని మాత్రం ముందే పిలవండి. వాపుకి బార్లీ నీళ్ళు తాగించి, ఉప్పు మాన్పించే వాళ్ళూ ఉన్నారు. బార్లీతో దాహం తీరుతుందేమో గానీ ఈ జబ్బు తగ్గదు. ఉప్పు మానేసినా అంతే.

నొప్పి లేకుండా రక్తస్రావం కనిపించినా, బిడ్డ కదలికలు తగ్గినా అదే తొందర అవసరం. "నొప్పి లేదుగా" అని ఆగకూడదు. మాయ కిందికి ఉన్నప్పుడు నొప్పి లేకుండానే రక్తం పోతుంది మరి.

తేడా వచ్చిన సంగతి చాలాసార్లు ఆమెకే ముందు తెలుస్తుంది. వెళ్దామా వద్దా అన్నది తేల్చేది మాత్రం ఇంకెవరో. "ఆయన్ని రానీ", "మామయ్యగారితో ఓ మాట చెప్పి..." థాడియస్, మైన్ అనే ఇద్దరు పరిశోధకులు 1994లో కాన్పు మరణాల వెనుక మూడు ఆలస్యాలున్నాయని రాశారు. నిర్ణయం తీసుకోవడం, ఆసుపత్రికి చేరడం, అక్కడ వైద్యం అందడం. మొదటిది మన గుమ్మం లోపలిదే. "ఒంట్లో బాలేదు" అంటే ఎవరూ కదలరు. "రాత్రి నుంచీ తలనొప్పి తగ్గలేదు, కళ్ళు మసకగా ఉన్నాయి, ఉంగరం రావట్లేదు" అని విడమర్చి చెప్పండి. బండి దొరక్కపోతే 108 ఉంది, డబ్బు కట్టక్కర్లేదు. సమయానికి చేరితే ఫిట్స్ రాకుండా మెగ్నీషియం సల్ఫేట్ ఇంజెక్షన్ ఇస్తారు. ఫిట్స్ ముప్పును అది సగానికి తగ్గిస్తుందని 2002లో వెలువడిన పెద్ద అధ్యయనంలో తేలింది.

కాన్పయ్యాక కూడా, ముఖ్యంగా మొదటి 48 గంటల్లో, ఈ ఫిట్స్ రావొచ్చు. అరుదుగా ఆరు వారాల వరకూ ఆ భయం ఉంటుంది. బాలింతకి తలనొప్పి అంటే "చెవుల్లో దూది పెట్టుకోలేదు, గాలి కొట్టింది" అనేస్తాం. దూది పెట్టండి, బి.పి. కూడా చూపించండి.