నడివయస్సు తండ్రి - నాట్యాభ్యాసము

సొంత ఇల్లు, అనుకూలవతియైన ఇల్లాలు, చదువుకొనుచున్న కుమార్తె, స్థిరమైన ఉద్యోగము - ఇవన్నియు అమరిన గృహస్థునకు ఇంకను కావలసినదేమి? ఈ ప్రశ్నను ఆధారముగా గైకొని 1996లో జపాను దర్శకుడు మసాయుకి సువో ఒక హాస్య చలనచిత్రమును రూపొందించెను. దాని పేరు ‘షల్ వి డాన్స్?’. మనము నాట్యము చేయుదమా? అని దాని అర్థము.

కథానాయకుడు సుగియామా టోక్యోలో ఒక కంపెనీయందు జమాఖర్చులు చూచు ఉద్యోగి. కోజి యకుషో ఈ పాత్రను ధరించెను. సుగియామా అప్పు చేసి ఇల్లు కొనినాడు. ఇక ఆ అప్పు తీరువరకు ప్రతిదినము అదే రైలు, అదే కార్యాలయము. ఒకనాటి రాత్రి రైలులో ఇంటికి మరలుచుండగా ఒక నాట్యపాఠశాల కిటికీలో దిగులుగా నిలిచియున్న యువతి కనబడును. ఆమె దిగులులో అతనికి తన దిగులే తోచును. కొన్నినాళ్లు తటపటాయించి, తుదకొక రాత్రి దారిలో దిగి ఆ మేడ మెట్లెక్కును. ఆ యువతి మై. ఆమెగా నటించిన తమియో కుసకారి నిజజీవితమున బాలే నర్తకి.

ఇచట ఆ దేశపు ఆచారము కొంత తెలియవలయును. జపానులో ఆలుమగలైనను నలుగురిలో చేయిచేయి పట్టుకొని నడచుట పూర్వము అరుదు. అట్టిచోట పరాయి స్త్రీపురుషులు జంటగా ఆడు పాశ్చాత్య నాట్యమనిన అనుమానము కలుగుట సహజము. 1948లో ప్రజల నడవడిని కాపాడు ఉద్దేశముతో వెలువడిన శాసనము నాట్యశాలలను సైతము అదుపులోనికి తెచ్చినది. 2015లో శాసనమును సవరించి నాట్యమునకు ఆ అదుపు చాలవరకు తప్పించిరి. కావుననే సుగియామా తన అభ్యాసమును కార్యాలయములో చెప్పడు, ఇంటిలోను చెప్పడు.

హాస్యమంతయు ఈ దాపరికమునుండియే పుట్టును. కాగితములు ముందు పరచుకొని బల్లక్రింద పాదములతో అడుగులు వేయును. ఆఫీసులో అందరును వెక్కిరించు అవోకి, నాట్యశాలలో విగ్గు ధరించి మహావీరునివలె విజృంభించును. మనము నవ్వుదుము గాని వారిని చులకన చేయజాలము.

సుగియామా మొదట వచ్చినది మై కొరకే. ఆ తలంపుతో రావలదని ఆమె సూటిగా చెప్పును. అయినను అతడు మానడు. క్రమముగా నాట్యముమీదనే మక్కువ కుదురును. ఇంటివద్ద భార్య మసాకో మాత్రము, బుధవారపు ఆలస్యములను, చొక్కాకు అంటిన పరిమళమును గమనించి డిటెక్టివును నియమించును. పరస్త్రీ వ్యామోహము కాదు, నాట్యాభ్యాసమని తేలును. ఐనను ఆమె మనస్సు కుదుటపడదు. భర్తకు దొరికిన సంతోషములో తనకు పాలులేదే! చిత్రములోని అసలు చిక్కు ఇదియే. ఆనందించుట దోషము కాదు. తనవారికి తెలియనీయకుండుటయే వారిని నొప్పించినది.

చిత్రము ఎవరిని శిక్షింపదు. కుమార్తె చికాగే పట్టుబట్టి తల్లిదండ్రులను పెరటిలోనికి తీసికొనిపోవును. తండ్రి తల్లి చేయి పట్టుకొని అడుగులు నేర్పును. అప్పుతో కొనిన ఆ ఇంటి ముంగిటనే అతని రహస్యము కుటుంబమునకు పంచిన సంతోషమగును.

ఈ చిత్రమును 2004లో హాలీవుడ్ వారు రిచర్డ్ గేర్ నాయకుడుగా మరల నిర్మించిరి. దేశము మారినను కథ చెల్లినది. సంపాదించి పెట్టు తండ్రికిని ఒక మనస్సున్నదని, దానిని అడిగి తెలిసికొనువారు ఇంటిలోనే ఉండవలయునని ఏ దేశపు కుటుంబమునకైనను తెలిసిన విషయమే గదా!