కరెంటు పోయినను లెక్క తప్పని చిట్టా

ఒకరి ఖాతా నుండి వేయి రూపాయలు తీసి మరొకరి ఖాతాలో వేయవలెను. తీయుట జరిగినది; వేయుటకు ముందే కరెంటు పోయినది. ఆ వేయి రూపాయలు ఎక్కడ నున్నట్లు? బ్యాంకులలోను, రైల్వే రిజర్వేషనులోను, పరీక్షల మార్కుల పట్టికలలోను లెక్కలు భద్రపరచు డేటాబేస్ సర్వరు ఈ ప్రశ్నకు ఎన్నడైనను జవాబు చెప్పగలిగి యుండవలెను.

యూనిక్స్, లినక్స్ మొదలగు వ్యవస్థలపై నడచు పోస్ట్‌గ్రెస్ అను సర్వరును ఉదాహరణముగా తీసికొందము. 1986లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున, బర్క్‌లీలో, మైకేల్ స్టోన్‌బ్రేకర్ నడపిన పరిశోధన నుండి ఇది పుట్టినది. 1996లో పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అని పేరు పెట్టిరి. దీనిని ఎవరైనను ఉచితముగా తెచ్చుకొని పాఠశాల కంప్యూటరుపై నడిపి చూడవచ్చును.

దీని కిటుకు మన కిరాణా వర్తకులకు క్రొత్తది కాదు. వర్తకుడు బేరము జరిగిన వెంటనే చిట్టాలో వరుసగా వ్రాసికొనును. తీరికవేళ ఆ పద్దులను ఆవర్జాలో ఎవరి పుటలో వారికి ఎక్కించును. ఆవర్జాలో ఎక్కింపు సగములో ఆగినను, చిట్టా యుండిన లెక్క మరల కట్టవచ్చును. పోస్ట్‌గ్రెస్‌లో ఆవర్జా వంటివి డిస్కు మీది 8 కిలోబైట్ల పుటలు. సర్వరు వీనిని మెమరీలోనికి తెచ్చి అక్కడనే మార్చును. మెమరీలోనిది కరెంటుతోనే పోవును గదా! కావున ప్రతి మార్పును ముందుగా 'వాల్' అను చిట్టాలో వ్రాయును. ఆ వ్రాత డిస్కునకు చేరినదని ఆపరేటింగ్ సిస్టము చెప్పిన పిమ్మటనే 'పని పూర్తి అయినది' అని తెలుపును. ఈ క్రమము తలక్రిందులైనచో తక్కినదంతయు వ్యర్థము. పుటలు డిస్కుపై చెల్లాచెదరుగా నుండును. చిట్టా వరుసగా సాగును. అందుచే చిట్టా వ్రాయుట త్వరగా ముగియును. ఈ ఏర్పాటు 2001లో వెలువడిన 7.1వ కూర్పుతో వచ్చినది.

మారిన పుటలను అప్పుడప్పుడు, మామూలుగా 5 నిమిషములకొకసారి, డిస్కు కెక్కించి చిట్టాలో గుర్తు పెట్టును. దీనిని చెక్‌పాయింట్ అందురు. సర్వరు హఠాత్తుగా పడిపోయి మరల లేచినపుడు, చివరి చెక్‌పాయింట్ మొదలైన చోటు నుండి చిట్టాను చదివి, ప్రతి మార్పును పుటలపై తిరిగి చేయును. మన వేయి రూపాయల సంగతి? తీసివేత చిట్టాలో నున్నను, 'పూర్తి' అను ముద్ర లేదు. పోస్ట్‌గ్రెస్ పాత వరుసను వెంటనే తుడువదు. క్రొత్త ప్రతిని వేరుగా వ్రాయును. ముద్ర పడని ప్రతి ఎవరికిని కనబడదు. పాత నిలువయే నిలుచును.

ఇంకొక చిక్కు కలదు. పుటలో సగము వ్రాయునప్పటికి కరెంటు పోయినచో, సగము క్రొత్తది, సగము పాతది యగు చినిగిన పుట మిగులును. దానిపై చిన్న దిద్దుబాట్లు చేసిన బాగుపడదు. అందుకే చెక్‌పాయింట్ తరువాత ఒక పుట మొదటిసారి మారినపుడు ఆ పుటనంతను చిట్టాలో నకలు వ్రాసికొనును.

ఇక యంత్రము ముందు కూర్చున్న మనిషి. నా దృష్టిలో అసలు ప్రమాదము ఇక్కడనే కలదు. సర్వరు మొదలగునపుడు తన డైరెక్టరీలో 'పోస్ట్‌మాస్టర్.పిడ్' అను ఫైలులో తన ప్రాసెస్ సంఖ్యను వ్రాసికొనును. (తపాలా కార్యాలయముతో దీనికి సంబంధము లేదు, ప్రధాన ప్రాసెస్ పేరే పోస్ట్‌మాస్టర్.) ఒకే ఆవర్జాపై ఇద్దరు గుమస్తాలు ఒకరినొకరు ఎరుగక వ్రాయకుండుటకు ఇది కాపలా. సర్వరు లేవలేదని విసిగి ఆ ఫైలును చెరిపినచో కాపలావానిని పంపివేసినట్లే.

ఆపుటకు మూడు సంకేతములు కలవు. 'టెర్మ్' పంపిన, ఉన్నవారందరు వెళ్లువరకు వేచి ఆగును. 'ఇంట్' పంపిన, అసంపూర్ణమైన పనులను రద్దుచేసి, చెక్‌పాయింట్ వ్రాసి ఆగును. నిత్యము వాడదగినది ఇదే. 'క్విట్' పంపిన, చెక్‌పాయింట్ లేకయే ఆగును. లేచునపుడు చిట్టా చదువవలసి వచ్చును. 'కిల్ 9' మాత్రము పోస్ట్‌మాస్టర్‌పై వాడరాదు. పిల్ల ప్రాసెస్‌లకు చెప్పకుండనే అది చచ్చును. అవి ఉమ్మడి మెమరీని పట్టుకొని మిగిలియుండవచ్చును. ఆ స్థితిలో పిడ్ ఫైలును కూడ చెరిపి క్రొత్త సర్వరును లేపిన, ఆవర్జా చెడిపోవచ్చును.

చిట్టా ఫైళ్లు ఒక్కొక్కటి మామూలుగా 16 మెగాబైట్లు. వాని డైరెక్టరీకి పూర్వము 'పి.జి. ఎక్స్‌లాగ్' అని పేరు. లాగ్ అనగానే పనికిరాని పాత కాగితములని తలచి కొందరు తుడిచివేసిరి. దత్తాంశము తిరిగి రాని విధముగా పోయినది. 2017లో 10వ కూర్పున ఆ పేరు తీసి 'పి.జి. వాల్' అని మార్చిరి. డిస్కు నిండినచో వేరే చోట జాగా చేయవలెను గాని చిట్టాను తాకరాదు. చిట్టా నిజముగనే చెడి సర్వరు ఎంతకును లేవనిచో 'పి.జి. రీసెట్‌వాల్' అను సాధనము కలదు. అది చిట్టాను పారవేసి సర్వరును లేపును; లేచినంత మాత్రమున లోపలి లెక్క సరియని నమ్మరాదు. కావున ముందుగా డైరెక్టరీ మొత్తమునకు వేరొక డిస్కుపై నకలు తీయవలెను. లేచిన వెంటనే దత్తాంశమును బయటికి తీసి, తనిఖీ చేసి, క్రొత్త డైరెక్టరీలో నింపి, పాతదానిని వాడుట మానవలెను.